ఆషాఢంలో విప్పిన ఇంజిన్

జ్యేష్ఠమాసం చివరి ముహూర్తాల్లో ఒక రోజు, మార్టూరు దాటాక హైవే మీద నా కారు ఆగిపోయింది. చిలకలూరిపేటలో తెల్లవారుజాము పెళ్ళి ముగించుకుని, అద్దంకి దగ్గర ఒక ఊళ్ళో గృహప్రవేశానికి బయల్దేరాను. టైముంది గానీ తీరిగ్గా వెళ్ళేంత లేదు. పొద్దెక్కకుండానే ఎండ పేలిపోతోంది. ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటర్ నొక్కాను. ఎప్పుడూ వీపుని సీటుకి అదిమిపట్టే ఆ లాగుడు రాలేదు. ఎవరో లోపల కూర్చుని చిన్న సుత్తితో కొడుతున్నట్టు టకటకమని చప్పుడొచ్చింది. అద్దంలో చూస్తే నా వెనకాల రోడ్డంతా నీలం పొగ.

పక్కకి తీసి బానెట్ ఎత్తాను. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల తన గొట్టంలోంచి పైకి తన్నుకొచ్చి ఉంది. చుట్టూ ఆయిల్ చిమ్మింది. నాకు అంతకుమించి ఏమీ అర్థం కాలేదు. నేను పురోహితుణ్ణి. పెదకాకానిలో ఉంటాను. మా ఊరు వాహన పూజలకి పేరు. కొత్త బండి కొన్నవాళ్ళు గుంటూరు నుంచీ తెనాలి నుంచీ ఇంకా దూరాల నుంచీ వస్తారు. నేనూ ఎన్నో బళ్ళకి బొట్లు పెట్టాను, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించాను, బానెట్ ఎత్తించి ఇంజిన్ మీద పసుపూ కుంకుమా అక్షింతలూ చల్లాను. ఆ ఇనుము లోపల ఏం జరుగుతుందో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

గృహప్రవేశం వాళ్ళు ఒక బంధువుని మోటార్‌సైకిల్ ఇచ్చి పంపారు. పంచె ఎగ్గట్టి, సంచీ ఒళ్ళో పెట్టుకుని అతని వెనకాల ఎక్కాను. అక్కడ పాలు పొంగుతుంటే అందరూ పొయ్యి చుట్టూ చేరి సంతోషపడ్డారు. నా నోరు మంత్రం చెబుతూనే ఉంది. మనసు మాత్రం రోడ్డు పక్కన నిలబెట్టి వచ్చిన కారు దగ్గరే ఉంది. ఆ మధ్యాహ్నం దాన్ని వెనక చక్రాల మీద ఈడ్పించుకుంటూ గుంటూరు ఆటోనగర్‌కి తీసుకెళ్ళాను.

పురోహితుడికి టర్బో కారేమిటని నన్ను చాలామంది అడిగారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకతను, పెళ్ళి కుదిరి పెద్ద కారు కావాల్సొచ్చి దీన్ని అమ్మేశాడు. చూడ్డానికి మామూలు చిన్న కారే. "కొంచెం ట్యూన్ చేయించానండీ, బాగా లాగుతుంది" అన్నాడు. టర్బో అంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజిన్లోకి గాలిని కుక్కుతుంది. గాలి ఎక్కువ పడితే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. అతను ఆ కుక్కుడుని కంపెనీ పెట్టినదానికంటే పెంచించాడు. మొదటిసారి నడిపినప్పుడు నాకు నవ్వొచ్చింది. కారులో ఒక్కణ్ణే కూర్చుని పైకే నవ్వాను.

నాకు నలభై దగ్గర పడుతున్నాయి. పెళ్ళి కాలేదు. మా నాన్న పౌరోహిత్యమే చేశారు, నేనూ అదే చేస్తున్నాను. ఆయన కాలంలో పిల్లనివ్వడానికి అది అడ్డు కాలేదు, నా కాలానికి అయింది. "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని అడిగి, సమాధానం విని, "మళ్ళీ ఫోన్ చేస్తాం" అనేవాళ్ళు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఫోన్ల కోసం ఎదురుచూసింది. అమ్మ పోయాక ఎదురుచూసేవాళ్ళు లేకుండా పోయారు.

ఒక్కసారి మాత్రం, మంగళగిరిలో ఏదో ఆఫీసులో పనిచేసే ఒకావిడ తనే నేరుగా నాకు ఫోన్ చేసింది. మొదటి పెళ్ళి నిలవలేదట. మాట నెమ్మది. నేను ఏ వేళకి ఇంట్లోంచి వెళ్తానో, ఏ వేళకి తిరిగొస్తానో అడిగింది. దాచకుండా చెప్పాను. 

"మీరు మంచివారేనండీ, తెలుస్తోంది. కానీ ముహూర్తాలున్నన్నాళ్ళూ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాలి కదా. ఒక్కదాన్నే ఉండటం నాకు ఇప్పటికే వచ్చు. దానికోసం మళ్ళీ పెళ్ళెందుకు చెప్పండి?" అంది.

నాకు కోపం రాలేదు. "నిజమేనండీ" అన్నాను. ఇద్దరం ఒకరికొకరం నమస్కారాలు చెప్పుకుని ఫోన్ పెట్టేశాం.

నాలాంటివాడికి ఒక పెళ్ళికీ ఇంకో పెళ్ళికీ మధ్య ఉండే రోడ్డే సొంత ఇల్లులాంటిది. మండపంలో అందరూ నన్ను పిలుస్తూనే ఉంటారు. కొబ్బరికాయలు ఎన్ని కావాలి పంతులుగారూ, అమ్మాయిని ఎప్పుడు తీసుకురావాలి పంతులుగారూ, ఫొటో కోసం ఇంకోసారి ముడి వేయించండి పంతులుగారూ. అదయ్యాక కారెక్కి తలుపు వేసుకుంటే ఎవరూ ఏమీ అడగరు. చిలకలూరిపేట దాటాక రోడ్డు ఖాళీగా ఉంటే పాదం నొక్కేవాణ్ణి. ఈలలాంటి చిన్న చప్పుడొచ్చేది, రెండువైపులా మిరపచేలు వెనక్కి పరుగెత్తేవి. ఆ కొద్దిసేపూ నాకు ఏ లోటూ తోచేది కాదు.

ఆటోనగర్‌లో నా కారు చూసే మేస్త్రికి నా వయసే ఉంటుంది. గట్టిగా మాట్లాడతాడు, షెడ్డు చివర నిలబడి పిలిచినా వీధి చివరికి వినిపిస్తుంది. జ్యేష్ఠం వెళ్ళి ఆషాఢం వచ్చాక ఇంజిన్ దింపాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు. నాకు పని లేదు, కారుతోనూ పని లేదు. విప్పుతుంటే చూద్దామని వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

మూడో పిస్టన్ బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. గ్లాసంత ఉంది, అనుకున్నదానికంటే తేలిక. పై అంచున రింగులు కూర్చునే గాడుల మధ్య ముక్క విరిగిపోయింది. ఆ విరిగిన ముక్క కిందికీ పైకీ తిరిగి సిలిండర్ గోడని గీకేసింది. వేలు పెడితే గీతలు తగులుతున్నాయి.

"చూశారా, నాకింగ్ కొట్టింది. మీకు బండి అమ్మినవాడు గాలి ఎక్కువ కుక్కించాడు, పైన ఎండ, మన పెట్రోలేమో మామూలుది. నిప్పురవ్వ పడకముందే లోపల పెట్రోలు దానంతటదే పేలిపోయింది. పిస్టన్ పైకి వస్తుంటే నెత్తిన దెబ్బ. ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?" అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడేం చేద్దాం?"

"నాలుగు సిలిండర్లూ లోపల కాస్త కోయించి బోరింగ్ చేయించాలి. ఒక సైజు పెద్ద పిస్టన్లు వేయాలి. ఏ పిస్టన్లు వేయమంటారో మీరు చెప్పండి. ఒకసారి మూత మూశాక మళ్ళీ మళ్ళీ తీయలేం."

నా జీవితంలో ఎవరైనా వచ్చి నన్ను ఏది కావాలని అడగడం తక్కువ. ముహూర్తం నేను పెడతాను గానీ, అది పంచాంగం పెట్టేదే. ఆలోచించి చెబుతానని ఇంటికొచ్చాను.

ఆషాఢంలో మా ఇల్లు ఎలా ఉంటుందంటే, వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు ముందుగదిలోకి వచ్చి కాసేపు ఉండిపోతుంది. నా వంట నేనే చేసుకుంటాను. ఒక్కడికి పప్పు ఎంత తక్కువ వేసినా రెండు పూటలు మిగులుతుంది. ఫోన్ మోగదు. పొద్దున సంధ్యావందనం అయ్యాక మళ్ళీ నోరు తెరిచి మాట్లాడాల్సిన అవసరం రాని రోజులుంటాయి. ఒకోసారి సాయంత్రం పాలవాడితో మాట్లాడబోతే గొంతు బొంగురుపోయి ఉండేది.

ఆ మధ్యాహ్నాలన్నీ పిస్టన్ల గురించి చదివాను. కంపెనీ వేసేది పోత పిస్టన్. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేస్తారు. చప్పుడుండదు, మామూలుగా వాడితే ఏళ్ళ తరబడి వస్తుంది, కానీ దెబ్బకి ఆగదు. నాది విరిగింది అదే. రెండోది ఫోర్జింగ్ పిస్టన్, దిమ్మని వేడిచేసి అదిమి చేసేది. అందులో మళ్ళీ రెండు రకాలు. ఒకటి చాలా మొండిది, రేసులవాళ్ళు వాడతారు. వేడికి బాగా ఉబ్బుతుంది కాబట్టి గోడకీ దానికీ మధ్య కాస్త ఎక్కువ ఖాళీ వదలాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆ ఖాళీలో ఊగి టకటకలాడుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. ఇంకోదాంట్లో సిలికాన్ ఎక్కువ కలుపుతారు. అది అంతగా ఉబ్బదు, కొద్ది ఖాళీ చాలు. మొదటిదంత మొండిది కాదు గానీ కంపెనీదానికంటే గట్టిది.

మేస్త్రికి ఫోర్జింగ్ మాట నచ్చలేదు. "కంపెనీదే వేసేద్దామండీ. ఊరికే తలనొప్పి ఎందుకు?" అన్నాడు. ఇంకెవరినైనా అడుగుదామంటే నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ ఈ సంగతులు తెలియవు. మా వాళ్ళకి ఫోన్ చేస్తే "కారమ్మేసి డీజిల్ బండి తీసుకోరా" అన్నారు.

వెతగ్గా వెతగ్గా, టర్బో కార్లవాళ్ళ వాట్సాప్ గుంపొకటి దొరికింది. విజయవాడ, గుంటూరు కుర్రాళ్ళు. ఆదివారం పొద్దున్నే మంగళగిరి బైపాస్ పక్కన ఒక కాఫీ హోటల్ దగ్గర కలుస్తారు. కారు లేదు కాబట్టి బస్సులో వెళ్ళాను. ఆ రోజు పొద్దున పెదకాకానిలో ఒకరింట్లో రుద్రాభిషేకం ఉంటే చేయించి, ఆ పంచె మీదే, నుదుటి విభూతితోనే దిగాను.

నన్ను చూసి ఎవరి బండికో పూజ చేయడానికొచ్చాననుకున్నారు. విషయం చెప్పగానే ఒక్కసారి గోల. "గురువుగారూ, మీకు టర్బో ఉందా!" అంటూ చుట్టూ చేరారు. కుర్చీ వేశారు. కాఫీ తెప్పించారు. వాళ్ళలో పెద్ద ఒకతను, విజయవాడలో కారు విడిభాగాల షాపున్న కుర్రాడు. ముప్ఫై ఉంటాయేమో. తన కారు బానెట్ ఎత్తి ఒక్కొక్క భాగం ఓపిగ్గా చూపించాడు.

"మీరు ఎలాగూ విప్పారు కదా గురువుగారూ, చేసేది పూర్తిగా చేద్దాం. మొండి రకం పిస్టన్లు, వాటిని కింద పట్టుకునే కన్‌రాడ్లు కూడా ఫోర్జింగ్‌వే, లోపల గాలిని నొక్కే కంప్రెషన్ కొంచెం తగ్గిద్దాం. తర్వాత పెద్ద టర్బో పెట్టుకోవచ్చు. మీ బండి ఈ గుంపులోనే టాప్‌లో ఉంటుంది. చలికాలంలో ఒంగోలు రైడ్‌కి మీరు ముందుండాలి, మేమంతా మీ వెనకాల."

 ఆ మాటకి నాకు ఎంత హుషారొచ్చిందో చెప్పలేను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ రైడ్ చూసుకున్నాను. చలికాలం పొద్దున, మంచు కప్పిన రోడ్డు, ముందు నేను, వెనకాల వరసగా వాళ్ళ దీపాలు. దారిలో ఎక్కడో ఆగి అందరం ఇడ్లీలు తింటాం. ఎవరో నన్ను "అన్నా" అంటారు. ఇంటికొచ్చేసరికి పిస్టన్లు నిర్ణయమైపోయాయి. చల్లగా ఉన్నప్పుడు టకటకలాడితే ఆడనీ అనుకున్నాను. ఆ చప్పుడు వినడానికి ఇంట్లో ఎవరున్నారు గనక.

తర్వాతి ఆదివారం కోసం ఆ వారమంతా ఎదురుచూశాను. వెళ్ళేముందు ప్యాంటూ చొక్కా తీశాను. నాకు ఉన్నవి తక్కువ, బ్యాంకుకి వెళ్ళేటప్పుడో రైలు ప్రయాణానికో వేసుకుంటాను. ఇస్త్రీ చేయించి వేసుకున్నాను. వాళ్ళలో ఒకడిలా వెళ్ళాలని నా కోరిక. పిలక కనపడకుండా టోపీ కూడా పెట్టుకున్నాను.

నన్ను చూడగానే షాపు కుర్రాడి మొహం మారింది. విసుగు కాదు, చిన్నపిల్లవాడు అడిగిన మిఠాయి షాపులో అయిపోయిందంటే పెట్టే మొహం.

"అయ్యో, పంచెలో రాలేదేంటి గురువుగారూ? ఇవాళ మీతో రీల్ తీద్దామనుకున్నాం. మీరు స్టీరింగ్ దగ్గర కూర్చుని మంత్రం చదువుతుంటే వెనక టర్బో చప్పుడు రావాలి. కెమెరా కుర్రాణ్ణి కూడా పిలిపించాను."

"ఈసారి వస్తాలే" అన్నాను.

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కాఫీ ఇచ్చారు, కుర్చీ వేశారు. కానీ నేను టోపీ పెట్టుకుని కూర్చునేసరికి వాళ్ళకి నాతో ఏం మాట్లాడాలో తెలియలేదు. కాసేపు నా చుట్టూ, కాసేపు నా పక్కన, తర్వాత అందరూ అవతల కొత్తగా వచ్చిన కారు దగ్గరికి వెళ్ళిపోయారు. దాని బానెట్ మీదికి వంగిన వీపులన్నీ కలిసి ఒక గోడలా ఉన్నాయి. నేను కాఫీ తాగి, గ్లాసు కౌంటర్ మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్టాపుకి నడిచాను.

ఆ రోజు ఇంటికి రావాలనిపించలేదు. గుంటూరులో దిగి ఆటోనగర్‌కి వెళ్ళాను. ఆదివారం కాబట్టి షెడ్డు మూసి ఉంది. రేకు తలుపు సందులోంచి నా ఇంజిన్ కనిపించింది. స్టాండు మీద, నాలుగు ఖాళీ సిలిండర్లతో, పైన గోనెపట్టా కప్పి. అక్కడే అరుగు మీద కూర్చున్నాను.

ఈ కారుతో నేను నిజంగా చేసేదేమిటి? ఆ ప్రశ్న మేస్త్రి వేయలేదు, షాపు కుర్రాడూ వేయలేదు. నేనే వేసుకున్నాను. వేకువనే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తాను. ఊళ్ళోనే ఒక వ్రతానికి వెళ్ళి ఆపేస్తాను. మళ్ళీ స్టార్ట్ చేసి నల్లపాడు వెళ్తాను, మళ్ళీ ఆపేస్తాను. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే దిగిపోయే రోజులే ఎక్కువ. ఖాళీ ఎక్కువున్న పిస్టన్ అయితే అలా చల్లగా ఊగి ఊగి గోడల్ని అరగదీస్తుంది. ఇక ఎండాకాలంలో హైవే మీద, ఏ పల్లెటూరి బంకులో దొరికితే ఆ పెట్రోలుతో పరుగెత్తిస్తాను. అప్పుడు పోత పిస్టన్ మళ్ళీ విరగొచ్చు. ఒంగోలు రైడ్‌కి తగ్గ ఇంజిన్ నాకెందుకు? ఆ రైడ్‌లో వాళ్ళకి కావాల్సింది నా పంచె. చాలా బాధేసింది, అబద్ధం చెప్పను. కానీ ఆ బాధలో పిస్టన్ విషయం మాత్రం తేటగా కనిపించింది.

మర్నాడు మేస్త్రికి చెప్పాను. సిలికాన్ ఎక్కువున్న ఫోర్జింగ్ పిస్టన్లు, ఒక సైజు పెద్దవి. కంప్రెషన్ కంపెనీ పెట్టినంతే. బేరింగులు కంపెనీవే, కన్‌రాడ్లు తిప్పే క్రాంక్ ఇరుసు కొలిచి దానికి సరిపోయేవి. ఇంజిన్ పైమూతని పట్టే హెడ్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగిపోతాయి కాబట్టి కొత్తవి. టర్బో పాతదే ఉంచి, నాకు కారు అమ్మినతను పెంచించిన గాలిని మళ్ళీ కంపెనీ లెక్కకి తగ్గించాలి.

మేస్త్రి నెత్తి గోక్కున్నాడు. "ఇంత గట్టి పిస్టన్లేసి కంపెనీ బలమేనా?"

"అంతే. విరక్కుండా ఉంటే చాలు."

"సరే, మీ ఇష్టం. కన్‌రాడ్లు మాత్రం పాతవే వేసేద్దాం. మూడోది రవ్వంత వంగింది. ప్రెస్సులో పెట్టి సరిచేయిస్తా. ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది కదా మేస్త్రీ."

"మీరు అందులో కూర్చుని రాడ్ గురించి ఆలోచిస్తారా ఏంటి?"

"దారిలో నాతో మాట్లాడేవాళ్ళెవరూ ఉండరయ్యా. దాని గురించే ఆలోచిస్తా."

అతను పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాక కొంచెం ఎక్కువ చెప్పేశానేమో అనిపించింది. అతను మాత్రం ఇంకేమీ అనకుండా కంపెనీ కన్‌రాడ్లు నాలుగూ కొత్తవి తెప్పించడానికి ఒప్పుకున్నాడు.

పిస్టన్లు విజయవాడ షాపు కుర్రాడి ద్వారానే రావాలి. ఫోన్ చేస్తే తలపట్టుకున్నంత పని చేశాడు. "గురువుగారూ, ఇంత చేసి మామూలుగా వదిలేస్తారా? రేపు ఎవరికి చూపిస్తారు?" అన్నాడు. చూపించడానికి కాదులే అన్నాను. కానీ పని మాత్రం శ్రద్ధగా చేశాడు. లేత్ షాపువాళ్ళు పిస్టన్లు చేతికొచ్చాకే, వాటిని కొలిచి, సిలిండర్లని ఆ కొలతకి కోయాలని రెండుసార్లు చెప్పాడు. ముందే కోసి కూర్చుంటే ఖాళీ తేడా వస్తుందట. పిస్టన్లు ఒక్కొక్కటీ నూనె కాగితంలో చుట్టి, దెబ్బ తగలకుండా పంపించాడు. రీల్ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

లేత్ షాపులో బోరింగ్ అయ్యాక చూడ్డానికి వెళ్ళాను. గీతలన్నీ పోయి గోడలు శుభ్రంగా ఉన్నాయి. ఆయిల్ నిలవడానికని వాటిమీద అడ్డదిడ్డంగా సన్నటి గళ్ళు గీశారు. దగ్గరికి వంగి చూస్తే మంగళగిరి నేతలో గళ్ళలా ఉన్నాయి.

ఇంజిన్ బిగించే రోజు పొద్దున్నే వెళ్ళాను. మేస్త్రి రింగుల చివర్లు ఒకదానికొకటి ఎదురు రాకుండా తిప్పి, వేళ్ళకి ఆయిల్ రాసుకుని, ఒక్కొక్క పిస్టన్నీ సుత్తి పిడితో మెల్లగా తట్టి లోపలికి దించాడు. మూడోది దిగేటప్పుడు నేను కుర్చీలోంచి లేచి వంగి చూశాను. అది ఆగకుండా జారిపోయింది.

ఇంజిన్ కార్లో కూర్చోబెట్టి తాళం తిప్పేముందు మేస్త్రి నావైపు తిరిగాడు. "పంతులుగారూ, ఒక కొబ్బరికాయ కొడదామా?"

"ఆషాఢం కదా" అన్నాను అలవాటుగా.

"బండికి ఆషాఢమేంటండీ!"

సంచీలో కొబ్బరికాయ లేదు. ఎదురుగా బడ్డీకొట్లో తెచ్చాడు. నేను కొట్టాను. పరాయివాళ్ళ బళ్ళకి గడగడా చదివే మంత్రం ఆ రోజు నోటికి రాక ఒకచోట ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. తాళం తిప్పితే ఇంజిన్ రెండు చుట్లకే అందుకుంది. ఇద్దరం చెవులు దగ్గర పెట్టి విన్నాం. టకటక లేదు.

కొత్త ఇంజిన్ని కొన్నాళ్ళు మెత్తగా నడపాలి. ఒకే వేగంలో ఉంచకూడదు, బాగా నొక్కకూడదు. ఊళ్ళో ఆగి ఆగి నడిపితే లాభం లేదు, రోడ్డు మీద తిప్పాలి. "ఎటైనా వెళ్ళి రండి" అన్నాడు మేస్త్రి. నువ్వూ రారాదూ అన్నాను. ఎక్కాడు. నారాకోడూరు దాకా వచ్చి, ఇంజిన్ వేడి చూసి, కింద ఆయిల్ కారడం లేదని చూసి, షెడ్డులో ఇంకో బండి ఉందని గుంటూరు వెళ్ళే ఆటో ఎక్కేశాడు.

అక్కణ్ణుంచి నేనొక్కణ్ణే. ఆలోచిస్తే వింతగా ఉంది. నాకు తెలిసిన ప్రతి ఊరూ ఎవరిదో ఒక శుభకార్యం వల్లే తెలుసు. ఈ ఊళ్ళో ఫలానావాళ్ళ ఉపనయనం, ఆ ఊళ్ళో ఫలానావాళ్ళ అమ్మాయి పెళ్ళి. ఏ పనీ లేకుండా, ఎవరూ పిలవకుండా ఆ రోడ్ల మీద వెళ్ళడం అదే మొదలు. పొన్నూరు, చీరాల, ఇంకొల్లు, పర్చూరు. ఒక రోజు ఒక దారి, ఇంకో రోజు ఇంకో దారి. నేను మంత్రాలు చదివిన ఇళ్ళ ముందు నుంచే వెళ్ళాను. ఒకటి రెండు చోట్ల ఆపుదామా అనుకున్నాను. పిలవకుండా పురోహితుడు గుమ్మంలోకి వస్తే వాళ్ళు కంగారుపడతారు, ఏమైనా కీడు చెప్పడానికొచ్చాడేమోనని. ఆపలేదు.

పర్చూరు దాటాక ఒకచోట వాన పడి వెలిసింది. నల్లరేగడి చేలో ఆడవాళ్ళు వరసగా వంగి పత్తి గింజలు పెడుతున్నారు. ఇంజిన్ కాసేపు చల్లారనిద్దామని గట్టు పక్కన ఆపి దిగాను. వాళ్ళలో పెద్దావిడ నడుం పట్టుకుని లేచింది.

"ఎవరింటికి పంతులుగారూ?"

"ఎవరింటికీ కాదమ్మా."

"మరి?"

"ఊరికే. బండి బాగుచేయించాను. నడిపి చూస్తున్నాను."

ఆవిడ నన్నూ కారునీ మార్చి మార్చి చూసింది. "ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

"మా ఆయన పోయాక నేనూ అంతేలెండి. పని లేకపోయినా చేలోకొచ్చి నిలబడతాను. ఇంట్లో ఏముంది?" అంది. తర్వాత, వచ్చినవాణ్ణి ఊరికే పంపడం ఇష్టం లేనట్టు, "ఇవాళ గింజ పెట్టొచ్చా? మంచిదేనా?" అని అడిగింది.

అప్పటికే సగం చేను పెట్టేశారు. మనసులో తిథీ నక్షత్రం చూసుకున్నాను. "బాగుందమ్మా. పెట్టుకోండి" అన్నాను. ఆవిడ తృప్తిగా తల ఊపి మళ్ళీ వంగింది.

ఇంజిన్ సర్దుకున్నాక మేస్త్రి మొదటి ఆయిల్ తీసేసి, వేళ్ళ మధ్య రుద్ది, వెలుతురులో చూసి, కొత్తది పోశాడు. "ఇక నొక్కొచ్చండీ" అన్నాడు. మర్నాడు పొద్దున చీరాల రోడ్డెక్కాను. శ్రావణం ఇంకా రాలేదు, రోడ్డు మీద పెద్దగా బళ్ళు లేవు. ఒకచోట ముందూ వెనకా చూసుకుని పాదం కిందికి దించాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ సన్నటి ఈల మొదలైంది, వీపు సీటుకి ఒత్తుకుంది, కారు ముందుకి దూకింది. మునుపటంత మొరటుగా లేదు. మెత్తగా, ఆగకుండా లాగుతూనే ఉంది. నాలుగు పిస్టన్లూ లోపల ఒక్క మాటా అనకుండా పనిచేస్తున్నాయి. నేను ఎంచుకున్నవి. 

ఎవరికైనా చెప్పాలనిపించింది. పక్కకి తీసి ఆపి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పేర్లు పైకీ కిందికీ జరిపాను. పెళ్ళివాళ్ళు, కేటరింగువాళ్ళు, సన్నాయివాళ్ళు, పూలవాళ్ళు. చివరికి మేస్త్రికే చేశాను.

"లాగిందా?" అని అరిచాడు. వెనక ఏదో గ్రైండర్ మోగుతోంది.

"లాగింది మేస్త్రీ. చాలా బాగా లాగింది. చప్పుడు లేదు, పొగ లేదు. నేననుకున్నదానికంటే—"

"అదీ! సరేనండీ, ఉంటాను. చేతులనిండా గ్రీజు."

ఫోన్ పెట్టేశాడు. ఇంజిన్ మెల్లగా తిరుగుతూనే ఉంది. అద్దం దించితే సముద్రం వైపునుంచి గాలి వచ్చింది. పొద్దు ఇంకా బాగా ఉంది. ఇంటికి పొన్నూరు మీదుగా వెళ్ళడం దగ్గర. నేను పర్చూరు దారి పట్టాను.